నీలం చొక్కా వదులైన వేసవి

“బ్రేకు తొక్కాల్సిన చోట కళ్ళు తిరిగితే ఏం చేస్తావే?”

ఆ వేసవిలో నేను అన్న మొదటి మాట ఇదే. అప్పటికింకా ఏమీ జరగలేదు. మా అమ్మాయి డ్యూటీ దిగి వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విప్పి, నిలబడే గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగింది, అంతే. మండుటెండలో పొద్దున్నుంచీ సిటీ బస్సు నడిపి వచ్చిన మనిషి నీళ్ళు తాగక ఏం చేస్తుంది? అయినా నా బుద్ధి నా చేతిలో ఉండదు. నీళ్ళు చూస్తే నాకు నీళ్ళు కనపడవు. షుగరు కనపడుతుంది. షుగరు వెనకాల కళ్ళు తిరగడం, దాని వెనకాల వంతెన, వంతెన మీద మా అమ్మాయి బస్సు, బస్సు నిండా జనం, కింద నది. అదంతా నేను ఒక్క రెప్పపాటులో చూసేస్తాను.

“నాన్నా, సైరన్ మోగింది,” అంది మా అమ్మాయి ముందు గదిలోకి వినపడేలా.

నాకు వాళ్ళిద్దరూ కలిసి పెట్టిన పేరది. ఊళ్ళో సైరన్లు నిప్పంటుకున్నాక మోగుతాయట, నేను అగ్గిపెట్టె కొన్నప్పుడే మోగుతానట. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన కుట్టుమిషను మీది నుంచి తల ఎత్తకుండానే నవ్వేవారు. ఆవేళా నవ్వారు. ఆ తర్వాత వానలు పడేదాకా ఆయన నవ్వు మేం వినలేదు.

ఎందుకంటే గ్లాసు బోర్లించి మా అమ్మాయి అసలు సంగతి చెప్పింది. వేసవి వెళ్ళగానే డిపోలో డ్రైవర్లందరికీ ఆరోగ్య పరీక్షలు. తన షుగరు మాత్రలకు లొంగడం లేదు. ఇలాగే ఉంటే రోజూ సూది వేసుకోవాల్సిందేనని డాక్టరమ్మ అంది. సూది మీద ఉన్నవాళ్ళకు వాళ్ళ డిపోలో జనం ఎక్కే బస్సు ఇవ్వరు, తీసుకెళ్ళి టిక్కెట్ల గదిలో కూర్చోబెడతారు. అందుకని ఆపరేషన్ గురించి కనుక్కుంది. బరువు తగ్గించే ఆపరేషన్. అది చేయించుకున్నాక చాలామందికి షుగరు కూడా దారికొస్తుందట. కడుపులో ముప్పాతిక భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటిపండంత గొట్టంలా కుట్టేస్తారట.

‘కుట్టేస్తారట’ అన్న మాట దగ్గర ముందు గదిలో మిషను ఆగిపోయింది.

మా ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు గది ఆయన దర్జీ కొట్టు, వెనక రెండు గదులూ వంటిల్లూ మా కాపురం. డిపోలో డ్రైవర్లకూ కండక్టర్లకూ నీలం యూనిఫాంలు కుట్టేది ఆయనే. కోత, కుట్టు ఆయనవి. కాజాలు, గుండీలు, ఇస్త్రీ నావి. మా అమ్మాయి ఆ కోత బల్ల కిందే గుడ్డపీలికల్లో ఆడుకుంటూ పెరిగింది. ఆయన కుట్టిన యూనిఫాం తొడుక్కునే బస్సెక్కింది. మొదటిరోజు మా వీధి మలుపు తిరుగుతూ హారన్ కొడితే, ఆయన సూదిలో దారం ఎక్కించబోయి ఎక్కించలేక, సూది నా చేతికిచ్చి పక్కకి చూశారు. అప్పటినుంచి రోజూ ఆ మలుపులో హారన్ మోగాల్సిందే. అలాంటిదాన్ని టిక్కెట్ల గదిలో ఊహించుకోవడం నాకూ కష్టమే. కానీ కత్తి కింద ఊహించుకోవడం అంతకంటే కష్టం.

“నువ్వంత లావేం ఉన్నావే?” అన్నాను.

అబద్ధం చెప్పలేదు. మా అమ్మాయి బొద్దుగా ఉంటుంది. సీట్లో కూర్చుని కూర్చుని నడుం దగ్గర, బుజాల దగ్గర ఒళ్ళు చేసింది. అంతేగానీ వీధిలో ఎవరూ వెనక్కి తిరిగి చూసేంత కాదు. ఆ ఆపరేషన్లు మంచం దిగలేనివాళ్ళకూ, తలుపులో పట్టనివాళ్ళకూ కదా చేసేది? కాస్త ఒళ్ళు ఉన్నంతమాత్రాన బంగారంలాంటి కడుపును ఎవరైనా కోయించుకుంటారా? భయంలో నా నోటికి హద్దు ఉండదు. మూతి కుట్టేసుకుంటే సరిపోయేదానికి పొట్ట కోయించుకుంటానంటావేం, అని కూడా అనేశాను.

అది చిన్నబుచ్చుకోలేదు. నా వైపు తిరిగి మెల్లగా అంది. “మూతి చాలాసార్లు కుట్టుకున్నానమ్మా. ప్రతిసారీ నువ్వే విప్పావు. ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద అంటూ.”

నేను అది బోర్లించిన గ్లాసు తీసి మళ్ళీ కడిగాను. ఆయన మిషను మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే కూర్చున్నారు. ఆయన అన్నగారు చాలా ఏళ్ళ కిందట చిన్న ఆపరేషనే కదా అని ఆసుపత్రికి నడిచి వెళ్ళి, ఇంటికి నడిచి రాలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆ సాయంత్రం కూడా ఎత్తలేదు.

*

ఆ వారంలోనే గడియారాలాయన భార్య మా కొట్టుకు వచ్చింది. మా వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయనకు కిందటేడు ఇదే ఆపరేషన్ అయింది. అప్పటినుంచి ఆయన బట్టలు మా కొట్టుకు తిరుగుతూనే ఉన్నాయి, తగ్గించినకొద్దీ ఆయన ఇంకా తగ్గుతున్నాడు. ఆవిడ వదులైపోయిన పాంటు ఒకటీ, సరిపోతున్న పాంటు ఒకటీ బల్ల మీద పెట్టి, ఈ ఆది చూసి దాన్ని తగ్గించేయమంది.

మా ఆయన రెండు పాంట్లూ వెనక్కి జరిపారు. “ఆది చూసి కుట్టను. మనిషిని రమ్మనండి.”

ఇది ఆయనకు మొదటినుంచీ ఉన్న పద్ధతి. మిగతా దర్జీలు పాత బట్ట ఒకటి ఆదిగా పెట్టుకుని దాని కొలతలకు కుట్టేస్తారు. ఈయన కుట్టరు. గుడ్డ సాగుతుంది, ఉతుకులో ముడుచుకుంటుంది, ఒంటి మీద ఒక మాట చెబుతుంది, బల్ల మీద ఇంకో మాట చెబుతుంది అంటారు. మనిషి వచ్చి ఎదురుగా నిలబడాలి, బిగబట్టిన ఊపిరి వదలాలి, అప్పుడు టేపు పెడతారు. ఈ పట్టుదలకు విసుక్కుని వేరే కొట్టుకు పోయినవాళ్ళు ఎంతోమంది. పోనీ అనేవారు.

గడియారాలాయన సాయంత్రం తనే వచ్చాడు. కొలత అవుతుండగానే నేను వంటింటి గుమ్మంలో నిలబడి అడగాల్సినవన్నీ అడిగేశాను. పాపం, ఏదీ దాచలేదు. చిన్న గిన్నెలో తింటున్నాడట, తొందరపడి ఒక్క చెంచా ఎక్కువ తింటే అంతా పైకొచ్చేస్తుందట. కొన్నాళ్ళు జుట్టు ఊడిందట. బతికున్నంతకాలం బలం మాత్రలు మింగాలట. షుగరు మాత్రలు మాత్రం మానేశాడు. మరి ఎందుకు చేయించుకున్నానా అని ఎప్పుడైనా బాధపడ్డారా అన్నయ్యగారూ అంటే నవ్వాడు. మొదటి నెల రోజూ పడ్డానమ్మా, నా పెళ్ళాం అన్నం తింటుంటే చూసి ఏడ్చాను కూడా, ఇప్పుడు నడక ఎక్కువై బాధపడ్డానికి తీరిక ఉండడం లేదు, అన్నాడు.

అప్పుడు మా అమ్మాయి సంగతి అడిగాను. ఆయన నవ్వు ఆపి, తల గోక్కున్నాడు.

“నాది కొండ, చెల్లెమ్మా. తవ్వకపోతే నా మీదే కూలేది. నాకు ఆలోచించే పనే లేకపోయింది. మీ అమ్మాయిది గుట్ట. గుట్ట మీద ఇల్లు కట్టుకుని ఉండనూవచ్చు, తవ్వుకోనూవచ్చు. మీదే కష్టం.”

మా ఆయన పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని గడియారాలాయన నడుం చుట్టూ టేపు తిప్పుతున్నారు. నోట్లో సూదులున్నందుకు ఆయనకు ఆ క్షణం హాయిగా ఉండి ఉంటుందనిపించింది. మాట్లాడక్కర్లేదు కదా.

*

డాక్టరమ్మ దగ్గరకు నేనూ వెళ్ళాను. ఆవిడ చిన్నవయసు మనిషి, అద్దాల వెనక నిద్ర చాలని కళ్ళు. ఇంత మాత్రం బరువున్నవాళ్ళకు ఒకప్పుడు మేమూ చేసేవాళ్ళం కాదు, అంది. షుగరు దేనికీ లొంగనప్పుడు ఈ మధ్య చేస్తున్నారట. చేయించుకుని తీరాలని లేదు, చేయించుకుంటే తప్పూ లేదు. మందులు మార్చి చూడొచ్చు, తిండి మార్చి చూడొచ్చు, అవి ఎంతకాలం పనిచేస్తాయో మాట ఇవ్వలేను, ఆపరేషన్ కూడా అందరికీ ఒకేలా పనిచేస్తుందని మాట ఇవ్వలేను, అంది. ప్రాణానికేమైనా ప్రమాదమా అంటే, చాలా తక్కువ, వేలమందిలో ఏ ఒకరిద్దరికో, అంది. ఆ ఒకరిద్దరూ ఎవరి పిల్లలో అనుకున్నాను. వాళ్ళ అమ్మలకూ ఇదే మాట చెప్పి ఉంటారు.

“మీ కూతురైతే చేయిస్తారా డాక్టరమ్మా?”

ఆవిడ పెన్ను మూత పెట్టింది. “నా కూతురికి నేను చేయలేను, చెయ్యి వణుకుతుంది. కానీ తను అన్నీ తెలుసుకుని అడిగితే, మంచి చేతికి అప్పగిస్తాను.”

బయటకు వచ్చాక ఎండలో బస్సు కోసం నిలబడి మా అమ్మాయి నాతో ఒప్పందం చేసుకుంది. ఈ వేసవి నాది. నేను ఉడకబెట్టి పెట్టిందే తింటుంది, ఎంత నడవమంటే అంత నడుస్తుంది. వానలొచ్చేసరికి యూనిఫాం సైజు తగ్గించాల్సినంత వదులైతే తను ఆపరేషన్ మాట ఎత్తదు. కాకపోతే నేను అడ్డు చెప్పకూడదు. బరువు చూసే మిషను మాత్రం ఇంట్లోకి రాకూడదంది. పోయినసారి పొద్దున్నే దాని మొహం చూసి, ఆ ఏడుపుతోనే రోజంతా బస్సు నడిపిందట.

“మరి తగ్గావో లేదో ఎలా తెలుస్తుందే?”

“నాన్న కుట్టిన చొక్కా ఉందిగా. అది చెబుతుంది.”

ఇంటికొచ్చి ఆయన ఎదుట కూడా అదే చెప్పింది. ఆయన పైఅర వైపు తిరిగి దారపు కండెలు సర్దుతూ ఉండిపోయారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. లోకంలో ఇంకే ఇంట్లోవాళ్ళూ ఇలాంటి పందెం కాయరు. దర్జీ ఇంట్లో ఉండి, దర్జీ ఎదురుగా నిలబడి, చొక్కాను సాక్షిగా పెట్టుకున్నాం.

*

ఆ వేసవంతా మా వంటింట్లో ఆవిరే. ఉప్పు తగ్గించాను, నూనె గరిటె దాచేశాను, చక్కెర డబ్బా పైఅర ఎక్కించాను. ఇంకొక్క ముద్ద అన్న మాట నోటిదాకా వస్తే పళ్ళు బిగబట్టుకున్నాను. మా అమ్మాయి డ్యూటీ దిగాక డిపో గోడ వెంబడి నడిచేది. వాళ్ళ బస్సు కండక్టరు పిల్ల తోడు నడిచేది. ఆ పిల్ల ఏం తిన్నా ఒంటబట్టదు, దోవపొడుగునా వేరుశనగలు నములుతూనే ఉంటుంది. ఒకరోజు మా ఇంటిదాకా వచ్చి నాతో మొరపెట్టుకుంది. “అక్కతో నడిచి నడిచి నాకున్న నాలుగెముకలూ అరిగిపోతున్నాయి పిన్నీ. రేపు నాక్కూడా ఆపరేషన్ కావాలి, ఎక్కించే ఆపరేషన్.” మా అమ్మాయి పడీపడీ నవ్వింది. అది అంత నవ్వి చాలా రోజులైంది.

నవ్వడానికి కారణం ఉంది. చొక్కా వదులవుతోంది.

మొదట్లో కూర్చుంటే పొట్ట దగ్గర గుండీ లాగేది, ఆ లాగుడు పోయింది. కొన్నాళ్ళకు పాంటు నడుంపట్టీలోకి బొటనవేలు దూరింది. పొద్దున్నే యూనిఫాం వేసుకుని నా ముందుకు వచ్చి, వేలు దూర్చి చూపించేది. నేను ఆ వేలు చూసి పొంగిపోయేదాన్ని. పక్కింటావిడకు చెప్పాను, కూరగాయలామెకు చెప్పాను, గడియారాలాయనకు ఎదురెళ్ళి మరీ చెప్పాను. ఆయన సంతోషించి, నా గిన్నె లాంటిదే ఇంకోటి ఉంది, చిన్న గిన్నెలో తింటే చాలుననిపిస్తుంది, అమ్మాయికి ఇవ్వండని తెచ్చి ఇచ్చాడు. తెల్లటి పింగాణీ గిన్నె, అరచేతిలో పట్టేంత. ఇప్పటికీ అది మా వంటింట్లో అన్నిటికంటే ముందు చేతికందే చోట ఉంటుంది.

మా ఆయన మాత్రం వేలు చూపించినా తల పంకించేవారు, అంతే. కాకపోతే మా అమ్మాయి యూనిఫాంలు ఇస్త్రీ చేసే పని నా చేతిలోంచి తనే తీసుకున్నారు. మాట్లాడలేని మనిషి ఇలాగైనా ప్రేమ చూపించుకుంటున్నారులే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం దారం కోసం ఆయన బజారుకు వెళ్ళారు. ఉతికిన చొక్కా బల్ల మీద ముడతలు పడి ఉంది. చేతులు ఊరుకోక ఇస్త్రీపెట్టె వేడి చేశాను. చొక్కా తిరగేసి, చంక కింది నుంచి అంచుదాకా పక్కకుట్టు మీద పెట్టె నడిపించి, ఆగిపోయాను.

నీలం రంగు ఎండకు వెలుస్తుంది. మా అమ్మాయి చొక్కా కిటికీ వైపు బాగా వెలిసింది కూడా. కానీ పక్కకుట్టు వెంబడి సన్నటి గీతలా ఒక గుడ్డ ఉంది, కొత్త చొక్కా రంగులో, నిండు నీలంగా. ఎండ చూడని రంగది. మొన్నటిదాకా లోపలి మడతలో దాక్కున్న గుడ్డ. దాని పక్కనే ఖాళీ సూది రంధ్రాలు, చీమలబారులా. పాత కుట్టు అక్కడుండేది. రెండో వైపు తిప్పి చూశాను, అక్కడా అంతే. పాంటు తీసి వెనక కుట్టు చూశాను. అక్కడా.

మా అమ్మాయి తగ్గడం లేదు. చొక్కా పెరుగుతోంది.

ఆయన ఆ కుట్లు ఎంత సన్నంగా వేశారంటే, కొత్త బట్టలకు కూడా అంత ఓపిగ్గా కుట్టగా నేను చూడలేదు. ఒక్కసారే వదలకుండా, కొంచెం కొంచెంగా, తెలిసీ తెలియనట్టు వదిలారు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. ఆ క్షణంలో నాకు కోపం రాలేదు. హాయిగా అనిపించింది. ఇలాగే కొన్నాళ్ళు గడిచిపోతే నా పిల్ల కత్తి కిందకు వెళ్ళదు. ఆ మనిషి నోరు విప్పకుండా నా పని కూడా చేసిపెట్టారు.

చొక్కా మడతపెట్టి యథాస్థానంలో పెట్టాను. ఆయన వచ్చారు. ఇస్త్రీ అయిన చొక్కాను చూశారు, నన్ను చూశారు. దారపు కండెలు బల్ల మీద పెట్టి మిషను దగ్గర కూర్చున్నారు. గడియారాలాయన పాంటు ఇంకోసారి తగ్గించడానికి వచ్చి ఉంది, దాన్ని అందుకున్నారు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో దొంగలం ఇద్దరమయ్యాం.

*

ఆ హాయి ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక సాయంత్రం మా అమ్మాయి గుమ్మంలో బూటు విప్పుతుంటే మేజోడు మడమకు అతుక్కుని రాలేదు. నీళ్ళు పోసి తడిపి లాగింది. కొత్త బూటు కరిచిన పుండు, చాలా రోజులదట. మానడం లేదు. ఏం కాదులే అంటూ మళ్ళీ నిలబడే నీళ్ళు తాగింది, గ్లాసు మీద గ్లాసు.

నేను ఏమీ అనలేదు. సైరన్ మోగలేదేంటని అది నా మొహంలోకి చూసింది.

నా భయాలు ఎప్పుడూ ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చేవి. దేన్ని చూసి ఎటు పరిగెత్తాలో నాకు తెలిసేది. ఈసారి రెండు భయాలు ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. ఒకవైపు ఆపరేషన్ బల్ల, తెల్ల దీపం, లేవని నా పిల్ల. ఇంకోవైపు మానని పుండు, వంతెన, బస్సు. ఎటు పరిగెత్తినా రెండోది వీపు వెనకే ఉంటుంది. ఆ సాయంత్రం పళ్ళేలు కడుగుతూ నాకు ఒక్క సంగతి తెలిసొచ్చింది. ఆ రెండిట్లో ఒకదానికి నా పిల్ల కళ్ళు తెరుచుకుని, అన్నీ అడిగి తెలుసుకుని వెళుతుంది. రెండోదానికి దాని కళ్ళకు గంతలు కట్టి మేమే పంపిస్తున్నాం. వదులు చొక్కా తొడిగి మరీ.

నోటితో చెప్పొచ్చు. చెబితే ఏడుస్తాను. నేను ఏడిస్తే అది తన సంగతి మరిచిపోయి నన్ను ఓదారుస్తూ కూర్చుంటుంది, చిన్నప్పటినుంచీ అంతే. అందుకని నోటితో చెప్పకూడదనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఎండకు వీధిలో పిట్ట లేదు. కొట్టు తలుపు ఓరగా వేసి ఆయన కింద చాప మీద నడుం వాల్చారు. నేను ఉతికిన యూనిఫాం బల్ల మీద పరిచి, కుట్లు విప్పే బ్లేడు తీసుకుని, ఆయన వేసిన కుట్లు ఒక్కొక్కటీ తెంపడం మొదలుపెట్టాను. మిషను మీద నాకు చెయ్యి తిరగదు. చేతి సూదితోనే, పాత రంధ్రాలు ఎక్కడున్నాయో చూసుకుంటూ, వాటిలోంచే దారం పోనిచ్చి, కుట్టును ఎక్కడిదక్కడికి తెచ్చాను. ఎక్కువా తక్కువా లేదు. వేసవి మొదటిరోజు ఎక్కడుందో అక్కడికి. గుండీలు కుట్టే చెయ్యి కదా, కుట్టు వంకరటింకరగా వచ్చింది. మధ్యలో సూది గుచ్చుకుంది, గుడ్డపీలికతో తుడుచుకుని మళ్ళీ కుట్టాను. నా చెయ్యి వణకలేదు. అది నాకే వింతగా అనిపించింది.

ఒకసారి తల తిప్పి చూశాను. ఆయన నిద్రపోవడం లేదు. చాప మీద పడుకుని నన్నే చూస్తున్నారు. ఆపుతారేమోనని చూశాను. ఆపలేదు. కాసేపటికి గోడవైపు తిరిగి పడుకున్నారు.

మర్నాడు పొద్దున మా అమ్మాయి చొక్కా తొడుక్కుంది. పై గుండీలు పెట్టుకుంది. పొట్ట దగ్గర గుండీ కాజాదాకా వచ్చి ఆగింది. ఊపిరి బిగబట్టి పెట్టుకుంది. పాంటు నడుంపట్టీలో వేలు దూర్చబోయింది. దూరలేదు. మేం ముగ్గురం ముందు గదిలోనే ఉన్నాం. ఎవరూ ఎవరి వైపూ చూడడం లేదు. అది చొక్కా లోపలికి చెయ్యి పోనిచ్చి, చంక కింది నుంచి కిందిదాకా పక్కకుట్టును వేలితో తడిమింది.

“ఇది నాన్న కుట్టు కాదు,” అంది.

తర్వాత గోడ మీది గడియారం చూసి, టైమవుతోందని బూట్లు వేసుకుని వెళ్ళిపోయింది. ఆవేళ మలుపులో హారన్ మోగుతుందా లేదా అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. మోగింది. రోజూకంటే పొడుగ్గా మోగింది.

*

ఆ సాయంత్రం అది ఆసుపత్రి మీదుగా ఇంటికొచ్చింది. వానలు మొదలయ్యే వారంలో ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు, డిపోలో సెలవు అడిగింది. కూర్చుని ఇవన్నీ నెమ్మదిగా చెప్పి, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు మామూలుగా అంది. “చొక్కా సంగతి నాకు ఎప్పుడో తెలుసమ్మా. వేలు పొడుచుకుని షుగరు చూసుకునే మిషను నా సంచిలోనే ఉంటుంది కదా. అది నాన్న కుట్టింది కాదు.”

“తెలిసి ఎందుకే ఊరుకున్నావు?”

“నాకూ హాయిగానే ఉందమ్మా, ఆ వదులు.” కాసేపు మేజోడు మడతపెడుతూ కూర్చుంది. “ఎవరో ఒకరు బిగించాలి కదా. నాన్న బిగించరు. నా వల్ల కాలేదు. నువ్వు బిగిస్తావనుకోలేదు.”

ఆ తర్వాత నేను వెనక్కి చూడలేదు. భయపడ్డం మానేశానని కాదు. నాకు చేతనైంది అదొక్కటే, ఎలా మానేస్తాను? కానీ నా భయానికి మొదటిసారి ఒక ఉద్యోగం దొరికింది. డాక్టరమ్మను వెంటపడి అడిగాను. మత్తు ఇచ్చేదెవరు, లేచాక మొదటి గుక్క నీళ్ళు ఎప్పుడు, వాంతి అయితే ఎంతవరకు ఊరుకోవచ్చు, జ్వరం వస్తే ఎవరికి ఫోను చేయాలి, ముందు ఆ పుండు మానాలా వద్దా. మానాలంది. రోజూ కడిగి, మందు రాసి, గుడ్డ కట్టాను. మా అమ్మాయిని బూట్లకు దూరంగా ఉంచాను. పుండు ఆరింది. మీ అమ్మగారు అడిగినన్ని ప్రశ్నలు మా పరీక్షల్లో కూడా అడగలేదని ఆవిడ మా అమ్మాయితో అందట.

ఆయన మాత్రం పెదవి విప్పలేదు. వద్దనలేదు, సరేననలేదు. మా అమ్మాయి స్టూలు లాక్కుని ఆయన మిషను పక్కన కూర్చునేది. డాక్టరమ్మ చెప్పినవన్నీ ఆయనకూ చెప్పేది. ఆయన వినేవారు, వింటూ కుట్టేవారు. ఒకరోజు, పోనీ నన్ను తిట్టు నాన్నా, అని బతిమాలింది. ఆయన పళ్ళతో దారం తెంపి, ఇంకో చొక్కా అందుకున్నారు. అది లేచి వంటింట్లోకి వచ్చి, నా బుజం మీద మొహం పెట్టి నిలబడింది. ఆపరేషన్‌కు భయపడ్డం లేదమ్మా, నాన్న ఒక్క మాటైనా అనకుండా వెళ్ళాలంటేనే భయంగా ఉంది, అంది.

బయల్దేరే రోజు పొద్దున్నే మొదటి వాన పడింది. కండక్టరు పిల్ల టాక్సీ తీసుకుని వచ్చింది, ఆవేళ నోట్లో వేరుశనగలు లేవు. నేను సంచులు రెండూ గుమ్మం దగ్గర పెట్టాను. మా అమ్మాయి లోపలినుంచి తన నీలం యూనిఫాం తెచ్చింది. ఉతికి మడతపెట్టిన జత. దాన్ని కోత బల్ల మీద ఆయన ముందు పెట్టింది.

“నాన్నా, మళ్ళీ డ్యూటీ ఎక్కేసరికి నాకిది పెద్దదవుతుంది. తగ్గించి పెట్టు. ఎంత తగ్గించాలో తెలిసేందుకు, అప్పుడు సరిపోయే చొక్కా ఒకటి ఆదిగా అమ్మతో పంపిస్తాను.”

ఆయన చొక్కా అందుకున్నారు. తిరగేశారు. చంక కింద నా వంకర కుట్లు బయటపడ్డాయి. వాటి మీద బొటనవేలు పెట్టి, పైనుంచి కిందిదాకా నెమ్మదిగా పోనిచ్చారు. చూరు నీళ్ళు గుమ్మం ముందు ధారగా పడుతున్నాయి. టాక్సీవాడు హారన్ కొట్టాడు, కండక్టరు పిల్ల వెళ్ళి వాణ్ణి ఊరుకోమంది. ఆయన మెడలోంచి టేపు తీసి చేతికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ మెడలో వేసుకున్నారు. ఇక ఈ మనిషి మాట్లాడరు, ఈ మౌనాన్ని కూడా సంచిలో పెట్టుకునే వెళ్ళాలి అనుకున్నాను. మా అమ్మాయి కూడా అంతే అనుకుంది కాబోలు, వంగి సంచి అందుకుంది.

ఆయన చొక్కాను మడతల మీదుగా మడతపెట్టి, బల్ల మీద అమ్మాయి వైపు జరిపారు.

“ఆది చూసి కుట్టను,” అన్నారు. “నువ్వే రావాలి, తల్లీ. వచ్చి ఇక్కడ నిలబడాలి.”